మా కారులోని ఎఱ్ఱదీపము

మా పాఠశాలలో 30 ఏండ్లు భౌతికశాస్త్రమును బోధించి విశ్రాంతి గైకొన్న మమ్ము, ఈ వార్షికసంచికకు ఏదేని వ్రాసి పంపుడని సంపాదకవర్గమువారు కోరిరి. విద్యార్థులకు హితవు చెప్పుట ఉపాధ్యాయులకు అలవాటైన పనియే. కాని యీసారి మేము చెప్పబోవునది మా నేర్పును గూర్చి కాదు. మేము చేసిన యొక తప్పును గూర్చి. ఆ తప్పునకు సాక్షి మా పాతకారులోని చిన్న ఎఱ్ఱదీపము. దానిని మూడు మాసములు కన్నులార చూచుచుండియు, అది తెలుపుచున్న సంగతిని మేము గ్రహింపలేకపోతిమి.

మా కారు 1953వ సంవత్సరమున తయారైన మోరిస్ మైనరు. ఈ జాతి కారును రూపొందించినవారు అలెక్ ఇస్సిగోనిస్ గారు. 1948లో లండను నగరమున ఎర్ల్స్ కోర్టు ప్రదర్శనమునందు ఇది తొలిసారి జనులకు చూపబడెను. మన దేశమున హిందుస్థాన్ మోటార్సువారు దీనినే 'బేబీ హిందుస్థాన్' అను పేర కొంతకాలము అమ్మిరి. మా తండ్రిగారు 1961లో దీనిని పాతబండిగా కొని కాకినాడకు తెచ్చిరి. మేము పరీక్షలకు పోయినను, పెండ్లికి పోయినను, తుదకు మా తండ్రిగారిని ఆసుపత్రికి తీసికొనిపోయినను ఈ కారులోనే. కావుననే దీనిని అమ్ముటకు మాకు మనసొప్పలేదు.

2018వ సంవత్సరము ఆగస్టు మాసమున దీనికి ముదురాకుపచ్చ రంగు క్రొత్తగా వేయించితిమి. బానెట్టు లోపలి గోడకు సైతము రంగు వేయవలెనని పట్టుపట్టి, అందుండు చిన్న సామగ్రినంతయు విప్పించితిమి. రంగు ఆఱిన పిదప, కూలి మిగులుననియు, పని మాకు తెలిసినదే యనియు తలచి, ఆ సామగ్రిని మఱల మేమే బిగించితిమి. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇక కారులో విద్యుత్తు ఎట్లు నడచునో కొంచెము చెప్పవలెను. 1831లో మైకేల్ ఫారడే మహాశయుడు, అయస్కాంతమునకును తీగచుట్టకును నడుమ చలనము కలిగినప్పుడు తీగలో విద్యుత్తు పుట్టునని కనుగొనెను. 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు పలకలను గంధకామ్లములో నుంచి, మఱల మఱల నింపుకొనదగిన బ్యాటరీని చేసెను. ఈ రెండును గూడినదే మోటారుకారులోని ఏర్పాటు. బ్యాటరీ ఇంజనును త్రిప్పి లేపును. లేచిన ఇంజను ఫ్యానుబెల్టు మూలమున డైనమోను త్రిప్పును. డైనమో తాను పుట్టించిన విద్యుత్తుతో దీపములను వెలిగించి, బ్యాటరీ ఖర్చుపెట్టినదానిని మఱల నింపును. ఇది ఉదయము చేసిన అప్పును సాయంకాలమునకు తీర్చుట వంటిది.

నేటి కార్లలో డైనమోకు బదులు ఆల్టర్నేటరు ఉండును. మా కారువంటి పాతబండ్లలోని డైనమోకు వెలుపల రెండు కొనలు గలవు. పెద్దదానికి 'డి' యనియు చిన్నదానికి 'ఎఫ్' అనియు పేర్లు. పుట్టిన విద్యుత్తు 'డి' నుండి వెలికి వచ్చును. డైనమోలోని అయస్కాంతమునకు బలమునిచ్చు ఫీల్డుచుట్టలకు 'ఎఫ్' ద్వారా కొంత విద్యుత్తు లోనికి పోవును. ఈ రెండు తీగలును బానెట్టు లోపలి గోడకు బిగించిన కంట్రోలుబాక్సునకు పోవును. ఆ పెట్టెలో ఇద్దఱు కావలివారు గలరు. మొదటివాడు రెగ్యులేటరు: డైనమో వోల్టులు మితిమీఱినప్పుడు ఇతడు ఫీల్డుచుట్టకు పోవు విద్యుత్తును తగ్గించును. రెండవవాడు కటౌటు: డైనమో 13 వోల్టుల ప్రాంతమునకు రాగానే బ్యాటరీకి త్రోవ తెఱచును, ఇంజను మందగించినప్పుడు, బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు పాఱిపోకుండ త్రోవ మూయును. ఈ యిద్దఱును విద్యుదయస్కాంతములే. వీరి చుట్టలలో ప్రవహించిన విద్యుత్తు తిరిగి పోవుటకు, పెట్టెయందలి 'ఇ' అను కొననుండి కారు శరీరమునకు ఒక నల్లతీగ బిగింపబడి యుండును. మేస్త్రీలు దీనిని ఎర్తు అందురు. ఎర్తు తెగినచో కావలివారిద్దఱును ఒక్కసారి నిద్రపోవుదురు.

ఎఱ్ఱదీపము సంగతి యిది. దాని యొక కొన బ్యాటరీవైపునను, రెండవ కొన డైనమో 'డి' వైపునను కలిసియుండును. తాళపుచెవి త్రిప్పగానే బ్యాటరీవైపు 12 వోల్టులు, డైనమోవైపు ఏమియు లేదు. కావున దీపము వెలుగును. ఇంజను లేచి డైనమో బ్యాటరీతో సమానము కాగానే దీపము ఆఱిపోవును. ఇంతవఱకు మేమెఱుగుదుము. దీపము వెలిగిన కీడు, ఆఱిన మేలు అని మాత్రమే తలచి, అంతకు మించి ఆలోచింపమైతిమి.

రంగు వేయించిన రెండు మాసములకు, బ్యాటరీలో నీరు త్వరగా తగ్గిపోవుచుండెను. మా మనుమడు వారమునకొకసారి శుద్ధజలము పోయుచుండెను. ఎండవేడిమి కారణమని మేము సమాధానపడితిమి. అక్టోబరులో అది యేమి వేడిమియో మేము ప్రశ్నించుకొనలేదు. ఎఱ్ఱదీపము కూడ అప్పుడప్పుడు మినుకుమినుకుమనుచుండెను. పాతతీగల చేష్ట యని దానిని విడిచితిమి.

నవంబరు మాసమున ఒకనాటి రాత్రి, చెన్నైలో కంటికి శస్త్రచికిత్స చేయించుకొని వచ్చుచున్న మా అక్కయ్యగారిని తోడ్కొని వచ్చుటకై సామర్లకోట స్టేషనునకు పోయితిమి. తిరుగుదారిలో సగము దూరము రాకముందే ముందుదీపములు తెలుపు తగ్గి పసుపువన్నెకు తిరిగెను. పిదప నిప్పుకణికలవలె నయ్యెను. ఒక కంటికి కట్టు కట్టుకొనియున్న అక్కయ్యగారు, "తమ్ముడూ, దీపాలు లేవా, లేక నాకే కనబడటం లేదా?" అని అడిగిరి. మేము బదులు చెప్పులోపల ఇంజను ఆగిపోయెను. ఎదుట నుండి వచ్చుచున్న లారీ మా బండిని తుదిక్షణమున గుర్తించి, పెద్దగా హారను మ్రోగించుచు ప్రక్కగా పోయెను. ఆ గాలికి మా బండి కదలెను. మా మనుమడును మేమును దిగి కారును రోడ్డు మార్జినులోనికి త్రోసితిమి. అక్కయ్యగారు చీకటిలో మా భుజము పట్టుకొని నిలువబడిరి. ఆమె చేయి వణకుచుండుట మాకు తెలియుచుండెను.

మఱునాడు మేము చేసిన మొదటి పని, క్రొత్త బ్యాటరీ కొనుట. పరీక్ష చేయకయే సొమ్ము చెల్లించితిమి. అది రెండు దినములలో నీరసించెను. అప్పుడు ఊరిలో డైనమోలు చుట్టుటలో పేరుపొందిన యొక వృద్ధ మేస్త్రీగారి కొట్టునకు పోయితిమి. ఆయన డైనమో విప్పి, ఫీల్డుచుట్ట కాలి తెగిపోయినదని చూపెను. గుడ్డపట్టీ మాడి నల్లనై, వేలితో తాకిన పొడియగుచుండెను. 1,800 రూపాయలకు చుట్టుటకు ఒప్పుకొని, 1,000 రూపాయలు ముందు తీసికొనెను. పని ముగించి బండికి బిగించిన పిదప ఆయన పలికిన మాట యిది: "మాష్టరుగారూ, చుట్ట నేను చుట్టాను. కాని అది ఊరికే కాలలేదు. పెట్టె, ఎర్తు ఒకసారి చూడనివ్వండి." మేము నవ్వి, "ఆ పెట్టెను బిగించినవారము మేమే. దానిలో దోషము లేదు" అంటిమి. ఆయన మఱుమాటాడలేదు. తక్కిన 800 రూపాయలు వారము గడచి, పని నిలిచినదని తెలిసిన పిదప యిచ్చెదమని చెప్పి వచ్చితిమి.

వారము లోపలనే ఎఱ్ఱదీపము మఱల వెలిగెను. మేము తిన్నగా కొట్టునకు పోయి, పదిమంది యెదుట, ఆయన నాసితీగ వాడెననియు, ముదిమిచే చేతి నేర్పు తప్పెననియు పలుకరాని మాటలు పలికితిమి. 800 రూపాయలు ఇయ్యమని కూడ చెప్పితిమి. ఆయన తన చేతిలోని స్పానరును బల్లమీద నుంచి, "మీ యిష్టం మాష్టారూ" అని మాత్రము అనెను. ఆ కొట్టులో పని నేర్చుకొనుచున్న పిల్లవాడు మా పాఠశాలలో చదివినవాడు. వాడు మా ముఖము చూడక నేల చూచుచుండెను.

ఆ సాయంకాలము బండిని ఇంటి ముంగిట నిలిపి ఇంజనును నడపుచుండగా, మా మనుమడు కిటికీలో నుండి తల పెట్టి, "తాతయ్యా, ఇంజను నెమ్మదిగా ఉంటే దీపం ఆరిపోతోంది. వేగం పెంచితే మళ్ళీ వెలుగుతోంది. డైనమో కాలిపోతే అసలు ఆరనే ఆరకూడదు కదా?" అని యడిగెను.

మేము నిరుత్తరులమైతిమి. వాడు చెప్పినది నిజము. దీపమునకు రెండు ప్రక్కల వోల్టులలో తేడా యున్నచో అది వెలుగును; ఏ ప్రక్క యెక్కువయో దానికి అక్కఱలేదు. డైనమో బ్యాటరీకంటె తక్కువైనను వెలుగును. మిక్కిలి ఎక్కువైనను వెలుగును. మా డైనమో చచ్చిపోలేదు. పగ్గములేని గుఱ్ఱమువలె పరుగెత్తుచుండెను. ఏండ్ల తరబడి నల్లబల్లమీద వ్రాసిన సంగతి, మా యింటి ముంగిట మాకు స్ఫురింపలేదు.

మఱునాడు ఉదయమున, చేయవలసిన పనిని వరుసగా చేసితిమి. పాతకారు గల చదువరులకు ఉపకరించునని ఆ వరుసను ఇచట వ్రాయుచున్నాము. మొదట ఫ్యానుబెల్టును బొటనవ్రేలితో నొక్కి చూచితిమి. అది వదులుగా లేదు. పిదప బ్యాటరీ కొనలను శుభ్రపఱచి బిగించితిమి. తరువాత డైనమో నుండి 'డి', 'ఎఫ్' తీగలను రెంటిని ఊడదీసి, డైనమో కొనలు రెంటిని ఒక చిన్న రాగితీగతో కలిపితిమి. ఆ రాగితీగకును కారు శరీరమునకును నడుమ వోల్టుమీటరు పెట్టితిమి. మా కారులో బ్యాటరీ ధనకొన శరీరమునకు కలిసియుండును గావున, మీటరు ధనతీగను శరీరమునకు తగిలింపవలెను. ఇంజనును మెల్లగా లేపి, వేగమును కొంచెము కొంచెముగా మాత్రమే పెంచవలెను. వోల్టులు 20 దాటనీయరాదు. డైనమో మంచిదైన ముల్లు తడబడక త్వరగా పైకి పోవును. ఏమియు చూపకున్న బ్రష్షులను చూడవలెను. ఒక వోల్టు ప్రాంతమున నిలిచిన ఫీల్డుచుట్టలో దోషము. నాలుగైదు వోల్టులయొద్ద నిలిచిన ఆర్మేచరులో దోషము.

ముల్లు తడబడక 20కి పోయెను. మేము ఇంజనును ఆపి, కొంతసేపు మాటలాడలేదు. మేస్త్రీగారి పని లోపము లేనిదని ఆ ముల్లు చెప్పెను. పదిమందిలో మేమాడిన మాటలన్నియు అబద్ధములని కూడ చెప్పెను.

అయినను వరుసను విడువలేదు. రాగితీగను అట్లే యుంచి, 'డి' తీగను మఱల తగిలించి, దాని రెండవ కొనయొద్ద చూచితిమి. అంతే వోల్టులు వచ్చెను. 'ఎఫ్' తీగయు అట్లే. కావున తీగలు మంచివి. రాగితీగను తీసివేసి, అన్నిటిని యథాస్థానమున బిగించి, పెట్టెయందలి 'డి' కొనయొద్ద మీటరు పెట్టితిమి. కటౌటు త్రోవ తెఱవకున్నను, రెగ్యులేటరు 16 వోల్టుల ప్రాంతమున డైనమోను ఆపవలెను. ఆపలేదు, 18 దాటెను, 20 దాటెను. తుదకు పెట్టెయందలి 'ఇ' కొనకును కారు శరీరమునకును నడుమ మీటరు పెట్టితిమి. ఆ రెండును ఒక్కటిగా నుండవలెను గావున అచట సున్న చూపవలెను. 'డి' యొద్ద ఎన్ని వోల్టులో, 'ఇ' యొద్దను అన్ని వోల్టులే చూపెను. నల్లతీగ శరీరమునకు అంటుకొననే లేదన్నమాట.

నల్లతీగ మరమేకును విప్పి చూచితిమి. తీగ కొననున్న ఇత్తడి ఉంగరము క్రింద మా ముదురాకుపచ్చ రంగు అద్దమువలె మెఱయుచుండెను. రంగును గీకకయే దానిపై తీగను బిగించినవారము మేమే. మరమేకు చుట్లద్వారా మాత్రము విద్యుత్తు కొన్నాళ్లు ఎట్లో పాఱినది. సముద్రపుగాలికి ఆ చుట్లు తుప్పుపట్టినకొలది త్రోవ సన్నగిల్లెను. మొదట రెగ్యులేటరు ఆలస్యముగా మేలుకొనుటచే బ్యాటరీలోనికి ఎక్కువ విద్యుత్తు పోయి నీరు ఇగిరిపోయెను. పిదప త్రోవ పూర్తిగా మూసికొనుటచే ఫీల్డుచుట్ట కాలెను. ఈ కాలుటకు లెక్క విద్యార్థులే వేయగలరు. ఫీల్డుచుట్ట నిరోధము 6 ఓములు. 12 వోల్టులయొద్ద దానిలో 2 ఆంపియర్లు పాఱును. వేడిమి 24 వాట్లు. వోల్టులు 36 అయినవనుకొందము: 6 ఆంపియర్లు, వేడిమి 216 వాట్లు. వోల్టులు మూడింతలైన వేడిమి తొమ్మిదింతలు. ఇది మేము తరగతిలో ఏటేట చెప్పిన లెక్కయే.

ఉప్పుకాగితముతో ఆ చోటును తెల్లని లోహము కనబడువఱకు రుద్ది, ఉంగరమును మెఱుగుపెట్టి, క్రొత్త మరమేకు బిగించి, పైన కొంచెము వాజలీను పూసితిమి. పట్టిన కాలము పావుగంట. ఖర్చు రెండు రూపాయలు. ఇంజను లేపగా దీపము ఆఱెను. వేగము పెంచినను వెలుగలేదు. బ్యాటరీ కొనలయొద్ద మీటరు 14 వోల్టులకు కొంచెము పైన నిలిచెను. మా మనుమడు చప్పట్లు కొట్టెను. మాకు చేతులు రాలేదు.

ఆనాడే కొట్టునకు పోయితిమి. నిన్న విన్నవారిలో కొందఱైనను ఉండవలెనని తలచి, పని ముమ్మరముగా సాగు వేళనే పోయితిమి. మేస్త్రీగారు మమ్ము చూచి లేచి నిలువబడెను. అది మమ్ము మఱింత బాధించెను. "మీ చుట్టలో దోషము లేదు. దోషము మాది. మేము నిన్న అన్న మాటలు తప్పు, మమ్ము క్షమింపవలెను" అని అందఱు వినునట్లు చెప్పి, రూపాయలు ఆయన చేతిలో పెట్టితిమి. ఆయన మొట్టమొదట అడిగినది వేఱొకటి: "ఎర్తు దొరికిందా మాష్టారూ?" దొరికినదని, రంగుసంగతి చెప్పితిమి. ఆయన తల యూపి, "రంగు వేశాక ముందు ఎర్తులు గీకాలి. మా గురువు మొదటిరోజునే చెప్పాడు" అనెను. మేము 2,000 రూపాయలు ఇచ్చియుంటిమి. ఆయన లెక్కించి 800 మాత్రము తీసికొని, తక్కినవి మా జేబులో పెట్టెను. ఎంత బ్రతిమాలినను తీసికొనలేదు. పని నేర్చుకొను పిల్లవాడు ఈసారి మా ముఖము చూచెను; మాకు రెండు కప్పుల టీ తెచ్చి యిచ్చెను.

విద్యార్థులారా, ఆ మేస్త్రీగారు అయిదవ తరగతి దాటి చదువలేదు. పెట్టెను చూడనిమ్మని అడుగుటకు ఆయనకు చాలిన జ్ఞానముండెను. చూడనిచ్చుటకు మాకు చాలిన వినయము లేకపోయెను. యంత్రము చెడినప్పుడు మన చేయి తగిలిన చోటును మొదట పరీక్షింపుడు. మీటరు చూపకముందు ఎవరినైనను నిందింపకుడు. తెలియక నిందించితిరేని, నిందించిన చోటికే పోయి, అందఱు వినునట్లు తప్పు ఒప్పుకొనుడు.

మా అక్కయ్యగారి కన్ను బాగుపడెను. సంక్రాంతి పండుగకు ఆమెను మఱల అదే కారులో, అదే దారిని, రాత్రివేళనే సామర్లకోటకు దిగబెట్టితిమి. ముందుదీపములు తెల్లగా వెలుగుచుండెను. దారి పొడవున ఆమె ముందుసీటున కూర్చుండి, ఎఱ్ఱదీపమువంకనే చూచుచుండెను. స్టేషను చేరిన పిదప, "ఒక్కసారి కూడ వెలగలేదురా" అనెను.